రాయగడలో పవర్ సప్లై బోర్డుల పరీక్ష: ల్యాబ్‌వ్యూ ఎక్కడ మొదలుపెట్టాలి?

నాగావళి ఒడ్డు (రాయగడ) | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, మూడేళ్లుగా రాయగడలోనే ఒక చిన్న కర్మాగారంలో పరీక్షల బల్ల దగ్గర పనిచేస్తున్నాను. మేము 24 వోల్టుల, 5 ఆంపియర్ల పవర్ సప్లై బోర్డులు తయారుచేస్తాం. ప్రతి బోర్డుకూ లోడ్ (బోర్డు నుంచి కరెంటు లాగే భారం) లేకుండా, సగం లోడ్‌తో, పూర్తి లోడ్‌తో వోల్టేజీ చూసి పుస్తకంలో రాయాలి. 23.76కూ 24.24కూ మధ్య ఉంటే పాస్. ఒక్కో బోర్డుకు పది నిమిషాల పైనే పడుతుంది.

సాయంత్రానికి కళ్లు అలిసిపోతాయి. ఒకరోజు 23.69 చూసి 23.96 అని రాశాను. ఫెయిల్ కావలసిన బోర్డు పాసై బయటికి వెళ్లింది, నెల తిరగకుండా వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి ఈ పని కంప్యూటర్‌తో చేయించాలని పట్టుదలగా ఉంది. మా యజమాని సెకండ్ హ్యాండ్‌లో ఒక బెంచ్ మల్టీమీటరు, అడిగినంత కరెంటు లాగే ఒక ఎలక్ట్రానిక్ లోడ్ కొన్నారు. రెండింటికీ వెనక, కంప్యూటర్‌కు తగిలించే సీరియల్ పోర్టు ఉంది.

కొలత పరికరాలను కంప్యూటర్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్ ల్యాబ్‌వ్యూ అని విని, మూడు వారాలుగా ఇంట్లో దాని వీడియోలు చూస్తున్నాను. రెండు అంకెలు కూడడం, తెర మీద దీపం వెలిగించడం వచ్చాయి. అసలు మీటరుతో మాట్లాడించాలంటే మాత్రం ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. సి భాష నాకు అంతంత మాత్రమే. దారి చెప్పండి.

గుణుపురం బండి (హైదరాబాద్) | సోమవారం, రాత్రి 10:05

మా ఊరు గుణుపురం, కాబట్టి మీరు మా పక్కవారే. పదకొండేళ్లుగా టెస్ట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మొదటి మాట: వీడియోలు ఇక ఆపండి. కూడికలు, దీపాలు నేర్చుకున్నంత మాత్రాన పరికరాల పరీక్ష రాదు. మీ చేతిలో నిజమైన మీటరు ఉంది, అంతకంటే మంచి పాఠం లేదు.

ల్యాబ్‌వ్యూను నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1986లో మెకింటాష్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. ఇప్పుడు ఆ సంస్థ ఎమర్సన్ చేతిలో ఉంది. దానిలో రాసే భాష పేరు 'జి'. ప్రోగ్రామును వీఐ అంటారు, అంటే వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్. ప్రతి వీఐకి రెండు ముఖాలు. ముందువైపు ఫ్రంట్ ప్యానెల్, మీటరు ముఖంలాగే మీటలు, అంకెలు. వెనకవైపు బ్లాక్ డయాగ్రం, మీటరు మూత తీస్తే కనిపించే వైరింగ్ లాంటిది. కంట్రోల్-ఈ నొక్కితే ఒకదాని నుంచి మరోదానికి మారవచ్చు. ఏళ్లుగా వైరింగ్ చూస్తున్నవారికి ఈ రెండో ముఖం త్వరగా అర్థమవుతుంది, మీరు సి రాకపోవడం గురించి బెంగపడవద్దు.

ఒక హెచ్చరిక. ఇంట్లో వాడుతున్నది 2020లో వచ్చిన ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ అయితే, అది సొంతంగా నేర్చుకోవడానికే. కర్మాగారంలో బోర్డులు పరీక్షించి అమ్మే పనికి దాన్ని వాడకూడదు. ఆ సంగతి ఇప్పుడే యజమానికి చెప్పండి, చివర్లో చెబితే ఇబ్బంది.

పాత మీటరు (సునాబెడ) | మంగళవారం, ఉదయం 6:10

బాబూ, కంప్యూటర్ తెరిచే ముందు ఒక తెల్ల కాగితం తీసుకో. ముప్పై ఏళ్లకు పైగా కొలతల గదిలో గడిపి రిటైరైనవాణ్ణి. పరీక్షను కాగితం మీద రాయలేనివాడు ప్రోగ్రాములోనూ రాయలేడు.

'పూర్తి లోడ్ పెట్టి వోల్టేజీ చూడాలి' అని రాస్తే చాలదు. ఎన్ని ఆంపియర్లు? పెట్టాక ఎంతసేపు ఆగాలి? మీటరు తీగలు ఎక్కడ తగిలించాలి? ఒక్క రీడింగా, అయిదింటి సగటా? హద్దుకు సరిగ్గా సమానంగా వస్తే పాసా, ఫెయిలా? ఫెయిలైతే అక్కడే ఆపాలా, మిగతావి కూడా చూడాలా? నువ్వు చేత్తో చేసేటప్పుడు వీటన్నిటికీ నీ చెయ్యే జవాబు చెబుతోంది, నీకు తెలియకుండానే. లోడ్ పెట్టాక అంకె నిలబడేదాకా నీ కన్ను ఆగుతుంది. కంప్యూటర్‌కు ఆ ఓపిక లేదు, 'ఆగు' అని నువ్వు చెప్పాలి.

రేపు అయిదు బోర్డులు చేత్తో పరీక్షిస్తూ, నీ చెయ్యి చేసే ప్రతి పనినీ రాసుకో. ఆ కాగితం ఇక్కడ పెట్టు.

ప్రాణహిత (సిరోంచ) | మంగళవారం, ఉదయం 11:30

గోదావరి ఇవతలి ఒడ్డు నుంచి, గడ్చిరోలి జిల్లా సిరోంచ నుంచి రాస్తున్నాను. పెద్దలు చెప్పినది బాగుంది కానీ, రెండు పరికరాల చిన్న పరీక్షకు అంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఎందుకు? పైథాన్ ఉచితం. పరికరాలతో మాట్లాడించే పైవీసా అనే లైబ్రరీ వేసుకుంటే ఇరవై వరుసల్లో మీటరును చదవవచ్చు. ప్రోగ్రాము మామూలు అక్షరాల్లో ఉంటుంది, నిన్నటికీ నేటికీ ఏం మారిందో వరుసవారీగా కనిపిస్తుంది. ల్యాబ్‌వ్యూ ఫైలులో అలా కనిపించదు. పైగా కొత్త వెర్షన్లో దాచిన వీఐ పాత వెర్షన్లో తెరుచుకోదు.

గుణుపురం బండి (హైదరాబాద్) | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ప్రాణహిత గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. నేను రెండూ వాడతాను. పాత వెర్షన్ కోసం విడిగా దాచే వీలుంది, రెండు వీఐలను పోల్చి చూపే పరికరమూ ఉంది, కానీ అవి పైథాన్‌లో ఉన్నంత సులువు కావు.

అయినా ఈ తమ్ముడికి ల్యాబ్‌వ్యూయే చెబుతాను. రేపు ఆ బల్ల దగ్గర కూర్చునే మనిషికి పెద్ద అక్షరాలతో పాస్, ఫెయిల్ కనిపించే తెర కావాలి, అది ఇక్కడ పూటలో తయారవుతుంది. కొలత నడుస్తుండగా ఏ తీగలో ఏ అంకె పోతోందో కళ్లారా చూడవచ్చు. యజమాని లైసెన్సు కొనలేకపోతే పైథాన్‌కు మారవచ్చు, అప్పటికి నేర్చుకున్నది వృథా కాదు. మీటరుకు పంపే ఆజ్ఞలు రెండింట్లోనూ ఒకటే. 1990లో వచ్చిన ఎస్‌సీపీఐ అనే ఉమ్మడి ఆజ్ఞల పద్ధతిని పాటించే పరికరాలన్నీ దాదాపు ఒకే యాసలో మాట్లాడతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | మంగళవారం, రాత్రి 8:45

నేను పర్లాకిమిడిలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ల్యాబ్ చెబుతాను. వాడుక భాషలో చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు ఇది. ఇలాంటి చర్చ తెలుగులో జరగడం చూస్తే మనసు నిండింది.

మా పిల్లలు మొదట తడబడేది ఒక్కచోటే. బ్లాక్ డయాగ్రం పుస్తకంలా ఎడమ నుంచి కుడికి నడుస్తుందని అనుకుంటారు. అలా నడవదు. నాటు వేయాలంటే దమ్ము చేసిన మడి, పీకిన నారు, కూలీలు, మూడూ అందాలి. ఏ ఒక్కటి రాకపోయినా మిగతా రెండూ కాచుకుని ఉండవలసిందే. మూడూ అందిన మడిలో పని మొదలవుతుంది, అది ఊరికి ఏ దిక్కున ఉన్నా సరే. ల్యాబ్‌వ్యూలో ప్రతి పెట్టె అలాంటి మడే. దాని ఇన్‌పుట్లన్నీ అందగానే నడుస్తుంది. మధ్యలో తీగ లేని రెండు పెట్టెల్లో ఏది ముందు నడుస్తుందో చెప్పలేం.

తీగల రంగులు గుర్తుపెట్టుకోండి. దశాంశ సంఖ్యలకు నారింజ, పూర్ణాంకాలకు నీలం, అవును-కాదులకు ఆకుపచ్చ, అక్షరాలకు గులాబీ. మీటరు నుంచి వచ్చే జవాబు గులాబీ తీగలో వస్తుంది. అంటే 24.02 అన్నది అక్కడ ఇంకా సంఖ్య కాదు, అక్షరాల వరుస. దాన్ని సంఖ్యగా మార్చాకే హద్దులతో పోల్చాలి. టూల్‌బార్ మీద దీపం బొమ్మ నొక్కి ప్రోగ్రాము నడిపితే, సమాచారం చుక్కలుగా తీగల వెంట కదులుతుంది. నేను మొదటి వారమంతా ఆ దీపం వెలిగించే చెబుతాను.

నాగావళి ఒడ్డు (రాయగడ) | గురువారం, రాత్రి 9:50

మాస్టారూ, కాగితం రాశాను. నా చెయ్యి ఇన్ని పనులు చేస్తోందని నాకే తెలియదు. లోడ్ మార్చాక మూడు సెకన్లు ఆగుతున్నాను. ప్రోబులు నేరుగా బోర్డు పిన్నుల మీద పెడుతున్నాను. వేడెక్కిన బోర్డును మళ్లీ ఒకసారి చూస్తున్నాను, ఇది ఎవరూ చెప్పలేదు, అలవాటైపోయింది.

మీటరును కంప్యూటర్‌కు తగిలించాను. నక్షత్రం గుర్తు, ఐడీఎన్, చివర ప్రశ్నార్థకం, ఇదే కదా పేరు అడిగే ఆజ్ఞ? పంపాను. జవాబు లేదు. తప్పు సంఖ్య -1073807339 అని వస్తోంది. రెండు రాత్రులుగా ఇదే.

గుణుపురం బండి (హైదరాబాద్) | గురువారం, రాత్రి 10:30

ఈ రంగంలో అందరం మొదట కలుసుకునే సంఖ్య అదే. టైమవుట్. మీరు అడిగారు, గడువులోగా జవాబు రాలేదు. తప్పు ల్యాబ్‌వ్యూలో వెతకవద్దు. ప్రోగ్రాము పక్కన పెట్టి, తగిలించిన పరికరాలను చూపే నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి మ్యాక్స్ తెరిచి, అక్కడి వీసా (కంప్యూటర్‌ను పరికరాలతో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) టెస్ట్ ప్యానెల్ నుంచి ఆ ఒక్క ఆజ్ఞే పంపండి.

ముందు కేబుల్ చూడండి. చాలా మీటర్లకు పంపే తీగ, అందుకునే తీగ అటూ ఇటూ మారిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. తర్వాత మీటరు మెనూలోకి వెళ్లి వేగం, డేటా బిట్లు, పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) చూడండి. కంప్యూటర్ వైపు మామూలుగా 9600, 8 బిట్లు, పారిటీ లేదు అని ఉంటుంది. కొన్ని పాత మీటర్లు మాత్రం 7 బిట్లు, సరి పారిటీతో వస్తాయి. ఆజ్ఞ చివర కొత్త వరుస గుర్తు పెట్టారా? అది లేకపోతే మీరింకా మాట్లాడుతూనే ఉన్నారని మీటరు అనుకుంటుంది. పేరు చెప్పి, కొలత అడిగితే మాత్రం ఊరుకుంటే, దాన్ని రిమోట్‌లోకి (కంప్యూటర్ మాట వినే స్థితిలోకి) పంపే ఆజ్ఞ ముందుగా ఇవ్వాలి.

నాగావళి ఒడ్డు (రాయగడ) | శుక్రవారం, రాత్రి 7:40

పలికింది! మెనూలో చూస్తే నిజంగానే 7 బిట్లు, సరి పారిటీ. రెండు చోట్లా ఒకేలా పెట్టి పంపగానే తయారీదారు పేరు, మోడల్, సీరియల్ సంఖ్య వరుసగా తెర మీదికి వచ్చాయి. మా యజమానిని పిలిచి చూపించాను, ఆయన మీటరు అడుగున ఉన్న రేకు తిప్పి చూసి సీరియల్ సంఖ్య సరిపోల్చుకున్నారు. లోడ్ కూడా పలుకుతోంది. మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

నాగావళి ఒడ్డు (రాయగడ) | ఆదివారం, మధ్యాహ్నం 3:10

ఇంకో చిక్కు. మూడు లోడ్లూ పెట్టి మూడు కొలతలూ తీసే వీఐ గీశాను. దీపం వెలిగించి నెమ్మదిగా నడిపితే సరిగ్గా ఉంది. దీపం ఆర్పి మామూలు వేగంతో నడిపితే సగం లోడ్ రీడింగ్, లోడ్ లేనప్పటి రీడింగ్ ఒకటే వస్తున్నాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | ఆదివారం, సాయంత్రం 5:00

మీరు పంపిన బొమ్మ చూశాను. లోడ్‌కు ఆజ్ఞ పంపే పెట్టె ఒకవైపు, మీటరును చదివే పెట్టె మరోవైపు ఉన్నాయి, వాటి మధ్య తీగ లేదు. అంటే రెండు మడులూ ఎవరికి వారే సిద్ధం. లోడ్ మారకముందే మీటరు చదివేస్తోంది. దీపం వెలిగించినప్పుడు అంతా నెమ్మదిస్తుంది కాబట్టి తప్పు దాక్కుంది.

ఆవపిండి రంగులో ఉండే ఎర్రర్ తీగను లోడ్ ఆజ్ఞ నుంచి ఆగే పెట్టెకు, అక్కడి నుంచి మీటరుకు గుచ్చుకుంటూ వెళ్లండి. దండలో దారంలా అది వరుస కడుతుంది. ఆగే పెట్టెకు ఎర్రర్ తీగ తగిలించే చోటు లేకపోతే, దాన్ని ఒకే గడి ఉన్న సీక్వెన్సులో (వరుస కట్టే పెట్టెలో) పెట్టి తీగను ఆ గడి గుండా పోనివ్వండి.

నాగావళి ఒడ్డు (రాయగడ) | సోమవారం, రాత్రి 8:20

వరుస కుదిరింది మేడమ్. కానీ ఇప్పుడు మంచి బోర్డులన్నీ పూర్తి లోడ్‌లో ఫెయిలవుతున్నాయి. అదే బోర్డును చేత్తో చూస్తే 24.02, ప్రోగ్రాము చూస్తే 23.72. మీటరు ఒకటే. ఇది ల్యాబ్‌వ్యూ తప్పా?

పాత మీటరు (సునాబెడ) | సోమవారం, రాత్రి 8:55

ప్రోగ్రాము మీదికి వెళ్లకు. మిగతా రెండు లోడ్లలో రెండు రకాల రీడింగులూ చెప్పు. మీటరు తీగలు ఇప్పుడు ఎక్కడ తగిలించావో కూడా చెప్పు.

నాగావళి ఒడ్డు (రాయగడ) | సోమవారం, రాత్రి 9:15

లోడ్ లేకుండా రెండూ 24.06. 2.5 ఆంపియర్ల దగ్గర చేత్తో 24.04, ప్రోగ్రాముతో 23.89. ప్రతి బోర్డుకూ ప్రోబులు పట్టుకునే పని లేకుండా మీటరు తీగలు ఎలక్ట్రానిక్ లోడ్ టెర్మినళ్లకే బిగించాను.

పాత మీటరు (సునాబెడ) | మంగళవారం, ఉదయం 6:00

జవాబు నీ అంకెల్లోనే ఉంది. కరెంటు లేనప్పుడు తేడా సున్నా. 2.5 ఆంపియర్లకు 0.15 వోల్టులు. 5 ఆంపియర్లకు 0.30. కరెంటు రెట్టింపైతే తేడా రెట్టింపైంది. ఇలా తిన్నగా పెరిగేది నిరోధం ఒక్కటే. 0.30ను 5తో భాగిస్తే 0.06 ఓములు, అంటే 60 మిల్లీ ఓములు. బోర్డు నుంచి లోడ్ దాకా వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ, వాటి బిగింపులు కలిపి అంత ఉన్నాయి. బోర్డు 24.02 ఇస్తోంది, దారిలో 0.30 తీగలు తినేస్తున్నాయి, మిగిలిన 23.72ను నీ మీటరు నిజాయితీగా చెబుతోంది.

కరెంటు మోసే తీగలు వేరు, వోల్టేజీ చూసే తీగలు వేరుగా ఉండాలి. మీటరు కోసం రెండు సన్నని తీగలు విడిగా తీసి బోర్డు ఔట్‌పుట్ పిన్నుల దగ్గరే తగిలించు. మీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి ఆ తీగలు ఎంత సన్నగా ఉన్నా వాటిలో వోల్టేజీ పడిపోదు. నాలుగు తీగల కొలత అంటే ఇదే.

నీ కాగితంలో 'ప్రోబులు నేరుగా బోర్డు పిన్నుల మీద' అని రాసుకున్నావు. బల్లకు మార్చేటప్పుడు ఆ వరుస జారిపోయింది. అందుకే కాగితం రాయమన్నాను. బోర్డు పిన్నుల మీద దిగే స్ప్రింగ్ పిన్నులతో ఒక చిన్న చట్రం చేయించు, కరెంటుకు రెండు, కొలతకు రెండు.

గుణుపురం బండి (హైదరాబాద్) | మంగళవారం, రాత్రి 10:10

రోజూ నడపడానికి ముందు ఒక ముఖ్యమైన విషయం. టూల్‌బార్ మీది ఎర్ర అబార్ట్ మీటతో ప్రోగ్రామును ఎప్పుడూ ఆపవద్దు. అది ప్రోగ్రామును ఉన్నచోటే తెంచేస్తుంది, లోడ్‌ను ఆపమనే ఆజ్ఞ వెళ్లదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకచోట ఇలాగే అయింది. సాయంత్రం అబార్ట్ నొక్కి ఇంటికి వెళ్లాం. రాత్రంతా పూర్తి లోడ్ నడిచి బోర్డు మాడింది, దాని కింది చట్రం కరిగింది. అగ్గి రాజుకోలేదు, అదే మా అదృష్టం.

ఫ్రంట్ ప్యానెల్ మీద మీ సొంత 'ఆపు' మీట పెట్టండి. అది నొక్కినా, పరీక్ష ముగిసినా, తప్పు వచ్చినా, మూడు దారులూ ఒకే 'శుభ్రంగా ముగించు' దశకు చేరాలి. ఇక్కడ ఎర్రర్ తీగ గురించి ఒక మెలిక ఉంది. తీగలో తప్పు వస్తే తర్వాతి వీసా రైట్ (ఆజ్ఞ పంపే) పెట్టెలు పని చేయకుండా తప్పును మాత్రం ముందుకు పంపిస్తాయి. లోడ్ ఆపే ఆజ్ఞ కూడా అదే తీగ మీద ఉంటే, అత్యవసరమైన వేళ అదీ నడవదు. కాబట్టి ఆ దశకు పాత తప్పును తీసుకురావద్దు, దాన్ని పక్కన ఉంచి చివర్లో కలపండి. వీటన్నిటి మీదా, మెయిన్స్ కరెంటునే తెంచే నిజమైన ఎర్ర పుట్టగొడుగు మీట బల్ల మీద ఉండి తీరాలి. మనిషి ప్రాణాన్ని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకూడదు.

దశలన్నీ ఒకే పొడుగు బొమ్మగా గీయవద్దు. ఆపేదాకా మళ్లీ మళ్లీ తిరిగే ఒక వైల్ లూప్, లోపల ఏ దశకు ఆ పని ఎంచే ఒక కేస్ స్ట్రక్చర్, తర్వాతి దశ పేరు మోసుకెళ్లే షిఫ్ట్ రిజిస్టర్. స్టేట్ మెషీన్ అంటే అంతే. మీ కాగితంలోని ఒక్కో వరుస ఒక్కో కేస్ అవుతుంది.

ప్రాణహిత (సిరోంచ) | బుధవారం, ఉదయం 9:30

ఒక్క మాట చేర్చనివ్వండి. పాస్, ఫెయిల్ మాత్రమే దాచవద్దు. ప్రతి రీడింగూ, బోర్డు సంఖ్య, తేదీ, సమయం, మీటరు సీరియల్ సంఖ్య, ప్రోగ్రాము వెర్షన్, అన్నీ ఫైలులో పడాలి. ఆరు నెలల తర్వాత ఒక బోర్డు వెనక్కి వస్తే మీకు కావలసింది ఆ అంకే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి) | బుధవారం, రాత్రి 9:00

ఒక మంచి బోర్డు, తెలిసిన లోపం ఉన్న ఒక బోర్డు రంగు వేసి బల్ల పక్కన పెట్టుకోండి. రోజూ పొద్దున్నే ముందు ఆ రెండూ నడపండి. చెడ్డది పాసైతే ఆ రోజు పరీక్షలు మొదలుపెట్టకూడదు.

నాగావళి ఒడ్డు (రాయగడ) | శనివారం, రాత్రి 10:40

స్ప్రింగ్ పిన్నుల చట్రం వచ్చింది. ఇరవై బోర్డులు ముందు చేత్తో, తర్వాత ప్రోగ్రాముతో చూశాను. అన్నింటిలోనూ తేడా 0.01 వోల్టు లోపే. రెండు బోర్డులు ఫెయిల్, రెండు పద్ధతుల్లోనూ అవే. బోర్డు పెట్టి తీయడంతో కలిపి ఒక్కోదానికి నిమిషంన్నర పడుతోంది. వేడెక్కాక మళ్లీ చూసే నా అలవాటునూ ఒక దశగా చేర్చాను. లైసెన్సు కొంటామని యజమాని మాట ఇచ్చారు. అది వచ్చేదాకా పుస్తకమే అసలు లెక్క, ప్రోగ్రాము నా సాధన.

ఇప్పుడు ఆయన రిపుల్ (డీసీ వోల్టేజీ మీద మిగిలే చిన్న అలలు) కూడా చేర్చమంటున్నారు. మల్టీమీటరును ఏసీ వోల్టేజీలో పెట్టి చదివిస్తే సరిపోతుందా?

పాత మీటరు (సునాబెడ) | ఆదివారం, ఉదయం 6:15

సరిపోదు. నీ బోర్డు లోపలి స్విచింగ్ సెకనుకు వేల సార్లు జరుగుతుంది, దాని అంచుల దగ్గర లేచే సూదుల్లాంటి శిఖరాలు మల్టీమీటరుకు అందవు. దానికి ఆసిలోస్కోపు (వోల్టేజీ అలను తెర మీద గీసి చూపే పరికరం) కావాలి. బ్యాండ్‌విడ్త్ (స్కోపు చూసే ఫ్రీక్వెన్సీల మేర) 20 మెగాహెర్ట్జ్‌కు పరిమితం చేసి, ప్రోబుకు వేలాడే పొడుగు గ్రౌండ్ తీగ తీసేసి, పొట్టి స్ప్రింగుతో ఔట్‌పుట్ కెపాసిటర్ కాళ్ల దగ్గరే పట్టుకోవాలి. ఆ పొడుగు తీగ ఉంటే అది యాంటెన్నాలా చుట్టుపక్కల రొదనంతా పట్టి తెస్తుంది.

స్కోపు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుని, ముందు చేత్తో అయిదు బోర్డులు చూడు. చూస్తూ కాగితం రాయి.